మచ్చలేని రూపాయి

గంటివారిపాలెంలో చిల్లర కరువు వచ్చిన ఏడాది గురించి ఎవరైనా అడిగితే, ఊళ్లోవాళ్లు ముందు కడలి ధనరాజు పేరు చెబుతారు. ఆ వెంటనే ఆయన మంచివాడేనని కూడా చెబుతారు. రెండూ నిజమే.

ధనరాజు భార్య మంగతాయారు బస్టాండు ఎదురుగా టిఫిన్ హోటలు నడుపుతుంది. హోటలంటే పెద్దదేమీ కాదు. ఒక రేకుల పంచ, నాలుగు బల్లలు, తెల్లవారకముందే వెలిగే పొయ్యి. పిండి రుబ్బడం దగ్గర్నుంచి గల్లాపెట్టె వరకూ అన్నీ ఆవిడ చేతుల మీదుగానే నడుస్తాయి. ధనరాజుకు అప్పజెప్పిన పని ఒక్కటే, బ్యాంకు నుంచి చిల్లర తేవడం. ఆ ఒక్క పనినీ ఆయన ఎంత శ్రద్ధగా చేసేవాడంటే, ఇంకో పని చెప్పడానికి ఎవరికీ మనసొప్పేది కాదు.

బ్యాంకు పేరెందుకు లెండి. ఊళ్లో ఉన్నది అదొక్కటే. అమ్మవారి గుడి హుండీ విప్పినప్పుడల్లా అందులోని చిల్లరంతా గోనెసంచుల్లో అక్కడికే చేరేది. బ్యాంకువాళ్లు లెక్కపెట్టి, చిన్న సంచుల్లో కట్టి, అడిగినవాళ్లకు ఇచ్చేవారు. అడిగేవాళ్లలో ధనరాజు అందరికన్నా ముందుండేవాడు.

"హుండీ సంచి ఇప్పించండమ్మా" అనేవాడు కౌంటరులో కూర్చున్న క్యాషియరు జ్యోతిర్మయితో.

"ఏ సంచిలోదైనా రూపాయి రూపాయే కదండీ."

"మరేనండి" అని ఒప్పుకొని, హుండీ సంచే పట్టుకెళ్లేవాడు.

ఇంటి వెనక వసారాలో పాత దుప్పటి పరిచి సంచి గుమ్మరించేవాడు. చొక్కా జేబులోంచి భూతద్దం తీసేవాడు. ఒక్కో బిళ్లనూ ఇటు తిప్పి, అటు తిప్పి, అంచు తడిమి, పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా పక్కన పెట్టేవాడు. హుండీలో జనం ఏదైనా వేస్తారు. చెల్లనిది వేస్తారు, అమ్మమ్మల పెట్టెల్లో దొరికింది ఏమిటో తెలియక వేస్తారు. అలా ఒకసారి రాజుగారి తల ఉన్న వెండి పావలా దొరికింది. ఇంకోసారి టంకశాలలో యంత్రం తడబడి అంకె రెండుసార్లు పడ్డ రెండు రూపాయల బిళ్ల దొరికింది. చూడ్డం పూర్తయ్యాక హోటలుకు కావలసినంత గల్లాలో పోసి, మిగిలింది మర్నాడు బ్యాంకులో కట్టేసి, ఇంకో సంచి తెచ్చుకునేవాడు.

లక్షల బిళ్లలను ఒకే మాదిరిగా కొట్టే యంత్రం ఎప్పుడో ఒకసారి పొరబడుతుంది. ఆ పొరపాటు తనిఖీవాళ్ల కళ్లు తప్పించుకుని, రైలెక్కి, ఏ ఊళ్లోనో దిగి, ఎవరి జేబుల్లోనో, ఎవరి కొంగుముడిలోనో తిరిగి తిరిగి, చివరికి తన దుప్పటి మీదికి వచ్చి పడుతుంది. అది తలుచుకుంటే ధనరాజుకు ఒళ్లు పులకరించేది. దాని ధర సంగతి ఆయనకు ఆ తర్వాత ఎప్పుడో తోచేది. మంగతాయారుకు ముందే తోచేది.

"ఇది అమ్మితే ఏమాత్రం వస్తదండీ?" అనేదావిడ.

"అమ్మడం సంగతి తర్వాత మంగా, ముందు దీన్ని చూడు."

"చూసేనండి. రెండ్రూపాయలు."

ఆ ఎండాకాలంలో ఒక అయిదు రూపాయల బిళ్ల దొరికింది. బొమ్మ పక్కకు జారిపోయి, జారినంత మేర నెలవంకలా ఖాళీగా ఉంది. ధనరాజు దాన్ని వారం రోజులు దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు. సరిగ్గా అప్పుడే హోటల్లో గ్రైండరు కాలిపోయింది. మంగతాయారు రోట్లో పిండి రుబ్బడం మొదలుపెట్టింది, అంతే. ఆ చప్పుడు రెండు రోజులు విన్నాక ధనరాజు రాజమండ్రి వెళ్లి, నాణేలు సేకరించే ఒక డాక్టరుగారికి ఆ బిళ్ల అమ్మి, ఎనిమిది వేలు తెచ్చి కొత్త గ్రైండరు కొన్నాడు. ఆ రోజు మంగతాయారు ఆయనకు అడక్కుండానే రెండోసారి కాఫీ పోసింది.

హోటల్లో రోజూ పెసరట్టు తినే విలేకరి ఒకడున్నాడు. గ్రైండరు సంగతి అడిగి, బిళ్ల సంగతి విని, పేపరుకు రాశాడు. అచ్చయ్యేసరికి ఎనిమిది వేలు ఎనిమిది లక్షలైంది. "వేలంటే లోపలి పేజీలో ఓ మూల ఏసేస్తారండి ధనరాజుగారూ" అని తర్వాత నచ్చజెప్పాడు. పైన శీర్షిక, 'బ్యాంకు సంచిలో భాగ్యలక్ష్మి.'

ఆ వార్త బ్యాంకు ప్రాంతీయ కార్యాలయంలో కూడా చదివారు.

*

ప్రాంతీయాధికారి పరిమి రాజేశ్వర ప్రసాద్‌గారు స్వయంగా కారులో వచ్చారు. బ్రాంచి మేనేజరు శిష్ట్లా భాస్కరంగారికి ఇంకో రెండేళ్లలో రిటైర్‌మెంటు. ఆ రెండేళ్లూ ఏమీ జరగకుండా గడిస్తే చాలని ఆయన రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేవారు. కారు చూడగానే ఆ మొక్కు ఫలించలేదని ఆయనకు అర్థమైంది.

ప్రాంతీయాధికారి సిబ్బందినంతా కూర్చోబెట్టి గొంతు సవరించుకున్నారు.

"మిత్రులారా, మన సంస్థ దశాబ్దాలుగా ప్రజలకు రూపాయి ఇచ్చి, రూపాయి మాత్రమే స్వీకరిస్తూ వచ్చింది. ఈ అమాయకత్వానికి నేటితో స్వస్తి పలకవలసి ఉన్నది. ఎనిమిది లక్షల సంస్థాగత సంపద కేవలం అయిదు రూపాయలకు కౌంటరు దాటిపోయింది. దీనిని నేను నష్టం అనను. దృక్పథ లోపం అంటాను."

"సార్, అయిదు రూపాయల బిళ్లకి అయిదు రూపాయలే జమ చేసుకున్నామండి. లెక్క సరిపోయింది" అంది జ్యోతిర్మయి.

"లెక్క సరిపోవడం కనీస ధర్మం అమ్మా. మనం దానిని అధిగమించాలి."

అధిగమించడానికి ఆయన ఒక పథకం తెచ్చారు. దాని పేరు విశేష నాణేల పరిరక్షణ, పొట్టిగా 'వినాప'. దాని ప్రకారం ఏ నాణేన్నైనా పరీక్షించకుండా కౌంటరు దాటనివ్వకూడదు. ముందు గుమస్తా చూడాలి, తర్వాత ఆఫీసరు, ఆ తర్వాత మేనేజరు. అందుకోసం మూడు పళ్లేలు పంపారు. ఒకదాని మీద 'సాధారణం', ఇంకోదాని మీద 'విశేషం', మూడోదాని మీద 'సందేహాస్పదం' అని రాసి ఉంది. సాధారణమని తేల్చిన నాణేలు మాత్రమే ప్రజలకు ఇవ్వాలి. ఇచ్చిన తర్వాత ఎప్పుడైనా, ఎక్కడైనా, ఎవరి చేతిలోనైనా అది విశేషమని తేలితే, సాధారణమన్నవారి జీతంలోంచి ఆ విలువ రాబట్టాలి. విలువ ఎంతంటే, పేపర్లో వచ్చినంత.

భాస్కరంగారు ఒక రూపాయి బిళ్ల తీసి, కళ్లజోడు సర్దుకుని చూశారు. బిళ్ల మామూలుగానే ఉంది. ఎంత చూస్తే అంత మామూలుగా ఉంది. అంత మామూలుగా ఉండటం చూసే ఆయనకు భయమేసింది. కూతురి పెళ్లికి చేసిన అప్పు గుర్తొచ్చింది. మెల్లగా దాన్ని 'సందేహాస్పదం' పళ్లెంలో వేశారు.

ఆఫీసరూ అదే చేశాడు, గుమస్తాలూ అదే చేశారు. సాయంత్రానికి ఆ పళ్లెం నిండిపోయి, పక్కన బకెట్టు పెట్టారు. 'సాధారణం' పళ్లెం ఖాళీగా మెరుస్తూ ఉండిపోయింది. కొన్నాళ్లకు అటెండరు అందులో టీ గ్లాసులు పెట్టి తేవడం మొదలుపెట్టాడు.

*

డబ్బాలో బియ్యం నిండుకున్నట్టే ఊళ్లో చిల్లర కూడా అయిపోయింది. చేయి పెట్టేవరకూ ఎవరికీ తెలియలేదు.

ఫోన్లో డబ్బు కొట్టేవాళ్లు కొడుతూనే ఉన్నారు. కానీ మంగతాయారు హోటలుకు పొద్దున్నే వచ్చేవాళ్లు గోదావరి లంకల్లో పనికి పోయే కూలీలు, పడవ సరంగులు, కూరల గంపలవాళ్లు. వాళ్ల ఫోన్లు మాట్లాడటానికే పనికొస్తాయి, అవీ సిగ్నలుంటే. నోటిచ్చి చేయి చాపేవారు. మంగతాయారు ఆ చేతిలో అయిదు రూపాయలకు బదులు ఒక గారె పెట్టేది. మొదట్లో సంబరపడ్డారు. వారం తిరిగేసరికి, "అమ్మా, గారె మీరే ఉంచుకుని చిల్లరియ్యండి. డాట్రుగారు నూనె మానమన్నారు" అని ముసలివాళ్లు బతిమాలడం మొదలుపెట్టారు.

బస్సులో కండక్టరు బాకీని టిక్కెట్టు వెనక రాసిచ్చేవాడు. దిగేటప్పుడు ఇవ్వడానికి అతని దగ్గరా ఏమీ ఉండేది కాదు. ఆ టిక్కెట్లు తెచ్చి జనం హోటల్లో ఇచ్చేవారు. మంగతాయారు వాటిని పాలవాడికిచ్చేది, పాలవాడు దాణా కొట్లో ఇచ్చేవాడు. నలిగిన టిక్కెట్టు చెల్లదని దాణా కొట్టాయన పేచీ పెడితే, పెద్దమనుషులు కూర్చుని, సంతకం కనిపించేంతవరకూ చెల్లుతుందని తీర్పు చెప్పారు. మంగలి నూకరాజు దగ్గర మరీ చిత్రంగా ఉండేది. మిగిలిన పది రూపాయలకు బదులు, పక్కన కూర్చున్నవాడికి మీసం దిద్దేవాడు. ఆ పది వాళ్లిద్దరూ తర్వాత తేల్చుకోవాలి.

అందరూ మెల్లగా ధనరాజు వైపు చూడటం మొదలుపెట్టారు. తిట్టినవాళ్లు లేరు. కానీ ఆయన హోటల్లోకి వస్తే బల్ల దగ్గర మాటలు ఆగిపోయేవి.

"ఆయ్, ఆ బిళ్లేదో తమరు చూసీచూడనట్టు ఒగ్గేసుంటే పోయేదండి" అన్నాడు ఒక సరంగు, ఎంతో మర్యాదగా.

ధనరాజుకు ఆ మర్యాదే ఎక్కువ గుచ్చుకుంది. బ్యాంకుకు వెళ్లాడు. సంచి అడగడానికి కాదు, ఇదంతా ఆపమని చెప్పడానికి. కానీ ఆయన నోరు తెరిచేలోపే భాస్కరంగారు లేచొచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు.

"రండి రండి. మీకోసమే కబురు పెడదామనుకుంటున్నాను. మాకు చూపు చాలడం లేదండి. ఏది మామూలు బిళ్లో చెప్పగలిగినవాడు ఈ చుట్టుపక్కల మీరొక్కరే. పైవాళ్లతో మాట్లాడాను. మిమ్మల్ని గౌరవ నాణేపరీక్షకులుగా నియమించడానికి ఒప్పుకున్నారు."

స్ట్రాంగ్‌రూము పక్కగదిలో ఆయన కోసం ఒక బల్ల వేశారు. దాని మీద దీపం బిగించిన పెద్ద భూతద్దం ఉంది. వెనక గోడ పొడుగునా గోనెసంచులు. ఆ పూట ప్రతి సంచీ ఆయనదే. ధనరాజు చెప్పదలుచుకున్నది మరిచిపోయాడు.

ఇంటికెళ్లి ఆ మాట చెబితే మంగతాయారు పప్పు కడుగుతూ, "జీతమెంతండీ?" అంది.

"గౌరవం మంగా. డబ్బు కాదు."

"అలాగా. అయితే రేపు పొద్దున్న ఓ సేరు గౌరవం పట్రండి, చట్నీలోకి."

అయినా మర్నాడు ఉతికిన చొక్కా తీసి ఇచ్చింది. ఆయన సాధారణమని తేల్చేస్తే చిల్లర బయటికొస్తుంది కదా అనుకుంది. ధనరాజు కూడా నిజంగా అలాగే అనుకున్నాడు.

*

మొదటి వారం ధనరాజు అన్నం తినడానికి కూడా లేవలేదు. చూసిన బిళ్లల్లో నూటికి తొంభైతొమ్మిది మామూలువేనని తేల్చి సంతకం పెట్టాడు. బిళ్లలు వదలడానికి అనుమతి కోసం భాస్కరంగారు ఆ కాగితాలు ప్రాంతీయ కార్యాలయానికి పంపారు. పంపిన మూడో రోజున ప్రసాద్‌గారి కారు మళ్లీ వచ్చింది.

"ధనరాజుగారూ, మీ నివేదికలో ఉత్సాహం లోపించింది" అన్నారాయన.

"మామూలు బిళ్లలండి. నేనేం చేసేదండి?"

"మామూలు అని దేనితో పోల్చి అంటున్నారు?"

ధనరాజు ఆలోచించాడు. "చూస్తే తెలుస్తుందండి."

"చూస్తే తెలియడం వ్యక్తిగతం. సంస్థకు ప్రమాణం కావాలి. లోపం లేని నాణెం ఒకటి ఉండాలి. దాని పక్కన పెట్టి చూసినప్పుడు ఏ తేడా లేకపోతే సాధారణం. ఇసుమంత తేడా ఉన్నా విశేషం."

లోపం లేని నాణెం కోసం ప్రధాన కార్యాలయానికి రాశారు. వాళ్లు ఎక్కడెక్కడో వెతికించి, మఖమలు పెట్టెలో ఒక కొత్త రూపాయి పెట్టి, తుపాకీ పట్టుకున్న గార్డును తోడిచ్చి పంపించారు. దానికి 'ఆదర్శ నాణెం' అని పేరు. పెట్టె తెరుస్తుంటే సిబ్బందంతా లేచి నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారో ఎవరికీ తెలియదు. గార్డు నిలబడి ఉన్నాడని కాబోలు.

ధనరాజు దాన్ని పట్టకారుతో ఎత్తి దీపం కింద పెట్టాడు. చాలాసేపు చూశాడు. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు, బిళ్లల విషయంలో అసలే రాదు.

"అంచు దగ్గర చిన్న గీతుందండి" అన్నాడు.

గార్డు మెడ చాచి పెట్టెలోకి తొంగిచూశాడు.

"ఎంత గీత?" అన్నారు ప్రసాద్‌గారు.

"ఎంతో లేదండి. కొట్టేటప్పుడు నలుసేదో పడుంటది. ఏ బిళ్లకైనా ఇలాంటిదేదో ఉంటాదండి. మనుషులకి మాత్రం లేవేటండి మచ్చలు?"

ఆయన తేలిగ్గా అన్న ఆ మాటను ప్రసాద్‌గారు తేలిగ్గా తీసుకోలేదు. కాసేపు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి ముఖం వెలిగిపోతోంది.

"అంటే, లోపం లేని నాణెమంటూ లేదు. కనుక సాధారణ నాణెమంటూ లేదు. కనుక మన దగ్గర ఉన్న ప్రతి నాణెమూ విశేషమే. భాస్కరంగారూ, గ్రహించారా? ఈ బ్రాంచిలో ఎన్ని నాణేలున్నాయి?"

సంఖ్య జ్యోతిర్మయి చెప్పింది. ప్రసాద్‌గారు దాన్ని ఎనిమిది లక్షలతో గుణించారు. క్యాలిక్యులేటరు చాలలేదు. ఇంకోటి తెప్పించారు, అదీ చాలలేదు. చివరికి కాగితం మీద చేతితో వేస్తే, వచ్చిన అంకెను చదవడానికి వాళ్లలో ఎవరికీ మాట దొరకలేదు. భాస్కరంగారు మంచినీళ్లు తాగారు.

"సార్, ఇన్ని బిళ్లలు ఎనిమిదేసి లక్షలకి కొనేదెవరండి?" అంది జ్యోతిర్మయి.

"విలువ వేరు, విక్రయం వేరు అమ్మా. విక్రయించనంత కాలం విలువకు ఢోకా లేదు."

*

బ్యాంకు ముందు బ్యానరు కట్టారు. 'దేశంలోనే మొట్టమొదటి సంపూర్ణ విశేష నాణేల శాఖ' అని ఉంది దాని మీద. దాన్ని ప్రారంభించడానికి ప్రధాన కార్యాలయం నుంచి జనరల్ మేనేజరుగారు వస్తారని చాటించారు. ఇక ఒక్క బిళ్ల కూడా బయటికి వచ్చే ప్రశ్నే లేదు.

ధనరాజు ఆ గదికి వెళ్లడం మానలేదు గానీ, అద్దం కింద బిళ్ల పెడితే ఇప్పుడు చేయి కదిలేది కాదు. ఏది తీసినా విశేషమే. అలాంటప్పుడు తీయడమెందుకు? ఒకరోజు నిజంగానే ఒక మంచి బిళ్ల దొరికింది. ఒక ముఖానికి రెండో ముఖం తలకిందులుగా పడి, చూడముచ్చటగా ఉంది. మునుపైతే రాత్రంతా నిద్రపట్టేది కాదు. ఇప్పుడు దాన్నీ మిగతావాటితోపాటు బకెట్టులో వేశాడు. వేశాక తన చేతిని తనే చూసుకున్నాడు.

ప్రారంభోత్సవం ముందురోజు ఇంటికొచ్చేసరికి హోటలు మూసి ఉంది. పొయ్యి చల్లారిపోయింది. మంగతాయారు అత్తగారు పోయినరోజు కూడా తెరిచిన హోటలది. ఆవిడ బల్ల మీద కూర్చుని, ఒళ్లో నలిగిన బస్సు టిక్కెట్లు వేసుకుని, ఒక్కొక్కటీ సాపు చేస్తోంది.

"ఏమైంది మంగా?"

"అచ్చాయమ్మగారు వొచ్చేరండి. మీకు తెలుసుగా, రోజూ రెండిడ్లీ తిని పింఛను డబ్బుల్లోంచి ఇస్తారు. ఇయ్యాల వంద నోటిచ్చేరు. నా దగ్గర చిల్లర లేదు. తర్వాత తీసుకుంటాలే అమ్మా అన్నాను. ఆవిడ, 'ఊరికే తిని పోవడానికి నేనింకా ఆ గతికి రాలేదు' అని ప్లేటు అక్కడ పెట్టేసి ఎల్లిపోయేరు. తిన్లేదండి." టిక్కెట్లు పక్కన పెట్టింది. "అంత పెద్దావిణ్ణి ఆకలితో పంపేక ఇంకెవరికి పెట్టనండి? కట్టేసేను."

ధనరాజు అచ్చాయమ్మగారు వదిలేసిన ప్లేటు తీసి కడిగిపెట్టాడు. ఆ పూట ఇద్దరూ మజ్జిగన్నం తిని, ఎవరి ఆలోచనల్లో వాళ్లు పడుకున్నారు.

*

జనరల్ మేనేజరుగారు పొడుగాటి మనిషి, తక్కువ మాట్లాడతారు. ఆయన పక్కన ప్రసాద్‌గారు, ఆ పక్కన భాస్కరంగారు, చివర్న ధనరాజు కూర్చున్నారు. ఎదురుగా ఊరి పెద్దలున్నారు. వెనక వరసలో, పనిలేక ఖాళీగా ఉన్న మంగతాయారు కూడా వచ్చి కూర్చుంది. ప్రసాద్‌గారు అంకెల ప్రసంగం చేసి, గౌరవ పరీక్షకులను రెండు మాటలు చెప్పమన్నారు.

ధనరాజు ఎప్పుడూ మైకు పట్టుకున్నవాడు కాదు. అది గీమని కూసింది. దాన్ని పక్కన పెట్టేశాడు.

"అయ్యా, నాకు ప్రసంగాలు రావండి. ఒక్క అనుమానం అడిగి కూర్చుంటాను. విశేషమని మీరంటున్నది, మా వాడుకలో అచ్చు తప్పిన బిళ్లండి. అంటే లోపమున్నదని. ఇక్కడున్న ప్రతి బిళ్లకీ లోపముందని మొన్న తేల్చేరు. సంతకాలు కూడా అయ్యాయి. సరేనండి. మరి ఇన్నాళ్లూ ఆ లోపమున్న బిళ్లల్ని మా దగ్గర మంచివని చెప్పి తీసుకుని, పాసుబుక్కుల్లో జమ రాసిందెవరండీ?"

జనరల్ మేనేజరుగారు కొద్దిగా ముందుకు వంగారు. ఆయన ప్రసాద్‌గారి వైపు చూశారు. ప్రసాద్‌గారు భాస్కరంగారి వైపు చూశారు. భాస్కరంగారు జ్యోతిర్మయి వైపు చూశారు. జ్యోతిర్మయికి చూడ్డానికి ఇంకెవరూ లేక, నిజం చెప్పింది.

"నేనేనండి. అయితే నేనొక్కదాన్నే కాదు సార్. అన్ని బ్రాంచీల్లోనూ అలాగే తీసుకుంటున్నారు. హెడ్డాఫీసు ఖజానాలో ఉన్నవి కూడా ఇలాంటివే."

"హెడ్డాఫీసు ఖజానా ఎవరి అధీనంలో ఉంది?" అన్నారు ప్రసాద్‌గారు అలవాటుగా.

"నా అధీనంలో" అన్నారు జనరల్ మేనేజరుగారు. ఆయన ఆ రోజు మాట్లాడిన మొదటి మాట అదే.

ఆ తర్వాత పనులు చాలా వేగంగా జరిగాయి. తలుపులేసుకుని సమావేశమయ్యారు. భోజనాల వేళకు బ్యానరు దింపేశారు. సాయంత్రానికి ఒక ఉత్తర్వు వచ్చింది. మన సంస్థలోని ఏ నాణెమూ గతంలో విశేషము కాదు, ప్రస్తుతము విశేషము కాదు, భవిష్యత్తులో కాబోదు. విశేషమన్న మాట కార్యాలయ ఉత్తరప్రత్యుత్తరాల్లో వాడరాదు. ఉన్న నాణేలన్నిటినీ తక్షణమే ప్రజల్లోకి పంపించి, ఒక్కటీ మిగలలేదని ధ్రువీకరించవలెను.

ప్రజల్లోకి పంపించే పనిలోనూ బ్యాంకు అంతే దీక్ష చూపించింది. పింఛను తీసుకోవడానికి వచ్చిన అచ్చాయమ్మగారికి మొత్తం చిల్లరలోనే ఇచ్చి, ఆ సంచి మోయడానికి అటెండరును తోడు పంపారు. రైతు అప్పడిగితే సంచులిచ్చారు. దారిన పోయేవాణ్ణి పిలిచి, నోటు చూపించి, మార్చుకుంటారా అని అడిగారు. మంగలి నూకరాజు బాకీలన్నీ తీర్చి మీసాల లెక్క మూసేశాడు. బస్సు కండక్టరు వెనక్కి వచ్చిన తన సంతకాలన్నీ తీసుకుని, చిల్లర లెక్కపెట్టి ఇస్తూ నాలుగు ట్రిప్పులు ఆలస్యంగా తిరిగాడు. ప్రసాద్‌గారికి వేరే ప్రాంతానికి బదిలీ అయింది. అక్కడ నలిగిన నోట్ల మీద ఆయనకు ఏదో ఆలోచన వచ్చిందని వినికిడి. భాస్కరంగారికి ఏమీ కాలేదు. ఆయన కోరుకున్నదీ అదే.

ఉత్తర్వులో చివరి వాక్యం ఒకటుంది. భూతద్దం కలిగిన వ్యక్తులకు ఇకపై నాణేల సంచులు ఇవ్వరాదు. పేరు రాయలేదు గానీ, ఊళ్లో భూతద్దం ఉన్నది ఒక్కరికే. ధనరాజు వెళితే జ్యోతిర్మయి బాధపడింది.

"ఏమీ అనుకోకండి ధనరాజుగారూ. మంగతాయారుగారిని పంపండి. ఆవిడకి ఇస్తాను."

అలా చిల్లర తెచ్చే పని కూడా మంగతాయారు మీదే పడింది. ధనరాజుకు పనంటూ ఏదీ మిగల్లేదు. వెనక వసారాలో దుప్పటి మడత పెట్టేసి ఉంది. రెండు రోజులు వీధి గుమ్మంలో కూర్చున్నాడు. మూడోరోజు తెల్లవారుతూనే స్నానం చేసి హోటలుకు వచ్చి, "గల్లా దగ్గర నేను కూర్చుంటాను మంగా, నువ్వు పొయ్యి చూసుకో" అన్నాడు.

మంగతాయారు ఆయన్ను ఎగాదిగా చూసి, చీరకొంగుతో కుర్చీ తుడిచింది.

మొదట్లో తికమక పడ్డా, కొన్నాళ్లకు చేయి అలవాటైంది. డబ్బు తీసుకోవడం, చిల్లర ఇవ్వడం. అద్దం జేబులోంచి తీసేవాడు కాదు. పొద్దున్నే హోటలు ముందు జనం పనికి తొందరపడుతూ నిలబడి ఉంటారు. వాళ్లను ఆపి బిళ్లలు చూసే ధైర్యం ఆయనకు ఎక్కడిది?

శ్రావణమాసంలో ఒక పొద్దున, అమ్మవారి గుడికి వచ్చిన యాత్రికుడెవరో గారెలు తిని చిల్లర బల్ల మీద పోసి వెళ్లాడు. ధనరాజు వాటిని గల్లాలోకి తోస్తూ, ఒక బిళ్ల వేలికి వేరుగా తగిలి ఆగాడు. అరిగిపోయి, నల్లబారి ఉంది. అంచు పలుచన, బరువు ఎక్కువ. గోటితో గీస్తే లోపల వెండిలా తెల్లగా మెరిసింది. వరసలో తర్వాత నిలబడ్డ కూరల గంపామె చేయి చాపి, "చిల్లర బాబూ" అంది. ధనరాజు ఆ బిళ్లను మిగతావాటితో కలిపి, కళ్లు పక్కకు తిప్పుకుని ఆమె చేతిలో పోసేశాడు.

పొయ్యి దగ్గర అట్టు తిప్పుతున్న మంగతాయారు ఇదంతా చూసింది. అట్లకాడ పక్కన పెట్టి వచ్చింది.

"నూకాలమ్మా, ఉండు. అందులో ఒకటి చెల్లనిది పడిపోయింది. ఇలా ఇచ్చి, ఈ రెండ్రూపాయలు తీసుకో. ఓ అట్టు కూడా పట్టుకుపో."

ఆ నల్ల బిళ్లను తెచ్చి భర్త ముందు పెట్టింది. ధనరాజు దాని వైపు చూడకుండా వరసలో నిలబడ్డ జనం వైపు చూశాడు. చాలామందే ఉన్నారు.

"తీయండి మీ అద్దం" అంది మంగతాయారు మెల్లగా, ఆయన కుర్చీకీ వరసకీ మధ్య అడ్డంగా నిలబడుతూ.

ధనరాజు జేబులో చేయి పెట్టాడు. వెనకనుంచి ఎవరో, "ఏటండీ ఆలస్యం, పడవెళ్లిపోద్ది" అన్నారు.

"ఉండవయ్యా" అంది మంగతాయారు వెనక్కి తిరక్కుండానే. "చిల్లర లెక్కెడతన్నారు."